'సెడ్'ని 'సైడ్' అని చదివే పిల్లలకు ఎలా నేర్పాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. రాసినట్టు పలకని ఇంగ్లీషు మాటల్ని ఐదారేళ్ల పిల్లలకు చదవడం ఎలా నేర్పాలని అడిగారు. కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. పెద్దవాళ్ల సౌకర్యం కోసం ఇంగ్లీషు అక్షరాల పేర్లనీ, మాటల్నీ తెలుగులోనే రాశాం. పిల్లల ముందు పెట్టే కార్డు మీదా, పలక మీదా మాత్రం ఇంగ్లీషు లిపే ఉండాలి. ఎందుకో మూడో జవాబులో చెప్పాం.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. బడిలో వారానికి పది 'సైట్ వర్డ్స్' (చూడగానే చదవాల్సిన మాటలు) ఇస్తారు. 'ఎస్-ఏ-ఐ-డీ సెడ్, డబ్ల్యూ-ఏ-ఎస్ వాజ్' అంటూ గడగడా అప్పజెప్తాడు. అదే మాట కథల పుస్తకంలో కనిపిస్తే 'సైడ్' అంటాడు. లేకపోతే బొమ్మ చూసి ఏదో ఒకటి చెప్పేస్తాడు. రోజూ పదేసిసార్లు రాయిస్తున్నా మార్పు లేదు. (ఒక తల్లి, తణుకు)

జవాబు: మీ బాబు అప్పజెప్తున్నవి అక్షరాల పేర్లు. చదవడానికి కావలసింది ఆ అక్షరాలు పలికే ధ్వనులు. 'డబ్ల్యూ' అనే పేరులో 'వ్' ధ్వని ఎక్కడా వినిపించదు కదా. పైగా అప్పజెప్పేటప్పుడు మాట ముందే తెలుసు, అక్షరాల వరస తర్వాత వస్తోంది. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు జరగాల్సింది దీనికి తలకిందులు. అక్షరాలు ముందు కనిపిస్తాయి, మాట వాడు తేల్చుకోవాలి. ఆ పని వాడికి ఇంతవరకు ఎవరూ నేర్పలేదు.

'సైడ్' అనడంలోనూ తర్కం ఉంది. 'సాయి' అన్న పేరుని ఎస్-ఏ-ఐ అని రాయడం మన పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు. దాని చివర డీ చేర్చి చదివితే వచ్చేది 'సైడే'. కాబట్టి మీ వాడు అక్షరాలు చూస్తున్నాడు. అది మంచి సంగతే.

ఇప్పుడు ఆ మాటని విడదీసి చూడండి. మొదటి ఎస్ 'స్' అంటోంది, చివరి డీ 'డ్' అంటోంది. ఈ రెండింటితో పేచీ లేదు. ఏ-ఐ జంట 'రెయిన్', 'పెయిన్' మాటల్లో 'ఏ' అని పలుకుతుంది, ఇక్కడ 'ఎ' అంటోంది. మొండి ముక్క అదొక్కటే. వాడు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిందీ అదొక్కటే. రాతలో ఉన్న అక్షరాలు నోటి ధ్వనులతో ఒక్కొక్కటిగా ముడిపడినప్పుడే మాట మనసులో నిలుస్తుందని అమెరికన్ పరిశోధకురాలు లినియా ఎరి దశాబ్దాల పాటు చేసిన పని చెబుతోంది. మాట మొత్తాన్నీ ఒక బొమ్మలా కళ్లతో పట్టుకోమంటే కొన్ని మాటల వరకూ నడుస్తుంది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి.

నేర్పేటప్పుడు ముందు కార్డు చూపించకండి. మాట నోటితో చెప్పి, 'అంది, అన్నాడు' అని తెలుగులో అర్థం చెప్పి, ఒక చిన్న వాక్యంలో వాడండి. తర్వాత ధ్వనులు విడగొట్టించండి: స్... ఎ... డ్. ఒక్కో ధ్వనికి ఒక్కో చింతగింజ ముందుకు జరపమనండి. మూడు గింజలు వస్తాయి. కాగితం మీద మూడు గళ్లు గీసి, మొదటి గడిలో ఏ అక్షరం రావాలో వాణ్నే అడగండి. ఎస్ అంటాడు. చివరి గడికి డీ అంటాడు. మధ్య గడిలో మాత్రం 'రెడ్', 'బెడ్' గుర్తొచ్చి 'ఈ' అక్షరం రాస్తాడు. తప్పు అనకండి. 'నువ్వు విన్నది సరిగ్గానే ఉంది. ఈ మాటలో మాత్రం ఆ ధ్వనికి ఏ-ఐ రాస్తారు' అని చెప్పి, ఆ రెండక్షరాలనీ ఒకే గడిలో రాయించి, కింద ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టండి. 'సే' అనే మాట (ఎస్-ఏ-వై) ముందే తెలిసి ఉంటే పక్కనే రాసి చూపండి. 'పే' నుంచి 'పెయిడ్' వచ్చినట్టే 'సే' నుంచి ఈ రాత వచ్చింది. పలుకు మారింది గానీ రాత చుట్టరికం పోలేదు.

ఆ కాగితం బోర్లించి మాటని మూడుసార్లు రాయించండి. రాసేటప్పుడు అక్షరాల పేర్లు కాదు, ధ్వనులు పలకాలి. పదిసార్లు రాయించవద్దు. మూడు నాలుగు సార్లు దాటాక చెయ్యి దాని పాటికది రాసుకుపోతుంది, బుర్ర ఇంకెక్కడో ఉంటుంది. కొందరు పిల్లలైతే పేజీ పొడుగునా ముందు పది ఎస్‌లు, వాటి పక్కన పది ఏలు నిలువుగా రాసేస్తారు. అలా రాస్తే మాటే తయారు కాదు. చివరగా 'శామ్ సెడ్ నో', 'డాడ్ సెడ్ గెట్ ఇన్' లాంటి వాక్యాలు రెండు చదివించండి. మిగతా మాటలన్నీ వాడు కూడబలుక్కోగలిగినవే అయ్యుండాలి.

ఇదంతా ఐదు నుంచి ఏడు నిమిషాల పని. వారానికి మూడు మొండి మాటలు చాలు. నేర్పిన మర్నాడు, రెండు రోజులు ఆగి, మళ్లీ వారం తర్వాత అడగండి. మూడు వేర్వేరు రోజుల్లో తడుముకోకుండా, రెండు సెకన్లలోపు చదివితే ఆ మాట వచ్చిన లెక్క. ఒకే రోజు ముప్పైసార్లు చదివినా అది లెక్కలోకి రాదు.

బొమ్మ చూసి ఊహించడం మాన్పించాలంటే, చదివేటప్పుడు బొమ్మని చేత్తో మూసి చదివాక తెరవండి. వాడు మళ్లీ 'సైడ్' అంటే వెంటనే అందించకండి. ఆ ఏ-ఐ కింద వేలు పెట్టి 'ఇక్కడ ఇదేమంటుంది?' అని అడిగి మూడు నాలుగు సెకన్లు ఆగండి. ఆ కాస్త ఆగడం పెద్దవాళ్లకి చాలా కష్టం. కానీ వాడు నేర్చుకునేది ఆ వ్యవధిలోనే.

ప్రశ్న: మా పాప యూకేజీ. బడిలో 220 మాటల జాబితా ఇచ్చి, ఇవన్నీ కంఠతా రావాలన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: అది అమెరికాలో ఎడ్వర్డ్ డోల్చ్ 1936లో ప్రకటించిన జాబితా అయ్యుంటుంది. పిల్లల పుస్తకాల్లో తరచుగా వచ్చే మాటలని ఆయన వాటిని ఏరారు గానీ, అవి మొండి మాటలని కాదు. 220నీ కంఠతా పట్టించడం అనవసరమైన శ్రమ.

ఒక సాయంత్రం కూర్చుని మూడు కుప్పలు చేయండి. 'క్యాన్', 'బిగ్', 'గెట్', 'రన్', 'జంప్' లాంటివి మొదటి కుప్ప. అక్షరాల ధ్వనులు తెలిస్తే చాలు, కూడబలుక్కుంటుంది. 'హీ', 'షీ', 'వీ', 'గో', 'నో' కూడా ఇందులోవే. చిన్న మాట చివర ఒక్క అచ్చే ఉంటే అది తన పేరే పలుకుతుందని ఒకసారి చెబితే ఐదూ వచ్చేస్తాయి. 'మేక్', 'లైక్', 'కేమ్' రెండో కుప్ప. చివరి 'ఈ' అక్షరం తాను పలకకుండా, ముందున్న అచ్చు చేత తన పేరు పలికిస్తుందనే సూత్రం నేర్పే దాకా వీటిని పక్కన పెట్టండి. అసలు మొండివి మూడో కుప్పలో మిగులుతాయి. 'ద', 'టు', 'ఆవ్', 'వాజ్', 'సెడ్', 'యూ', 'దే', 'వాట్', 'హూ', 'వన్' లాంటివి. ఈ కుప్ప మిమ్మల్ని ఆశ్చర్యపరిచేంత చిన్నగా ఉంటుంది.

అందులోనూ చుట్టాల్ని కలిపి నేర్పితే భారం ఇంకా తగ్గుతుంది. 'కుడ్', 'వుడ్', 'షుడ్' మూడింటికీ తోక ఒకటే, ఓ-యూ-ఎల్-డీ. 'కమ్', 'సమ్' ఒక జత. 'వేర్', 'దేర్' రెండింటి కడుపులోనూ 'హియర్' మాట (హెచ్-ఈ-ఆర్-ఈ) ఉంది, మూడూ చోటు గురించే చెబుతాయి. 'హ్యావ్', 'గివ్', 'లవ్' చివర 'ఈ' అక్షరం ఎందుకుందంటే ఇంగ్లీషు మాటలు వీ అక్షరంతో ముగియవు, కొత్తగా పుట్టిన ఒకటీ అరా తప్ప. 'వాజ్' కూడా నిజానికి అంత మొండిది కాదు. డబ్ల్యూ తర్వాత ఏ వస్తే 'ఆ' అనడం 'వాంట్', 'వాష్', 'వాచ్' మాటల్లోనూ ఉంది. ఎస్ 'జ్' అనడం 'ఈజ్', 'హిజ్', 'హ్యాజ్'లో రోజూ కనిపించేదే.

ఓ-ఎఫ్‌ని మన దగ్గర చాలామంది 'ఆఫ్' అనే అంటారు. ఫ్యాన్ ఆఫ్ చేయమనే 'ఆఫ్' (ఓ-ఎఫ్-ఎఫ్) పక్కనే ఉంది కాబట్టి, పిల్లలకు మొదటి నుంచీ 'ఆవ్' అని పలికించండి. ఎర్ర గీత ఎఫ్ కింద పడాలి. రోజూ వాడే మాటల్లో ఎఫ్ 'వ్' అనేది ఇక్కడొక్కచోటే.

కలపకూడనివీ ఉన్నాయి. 'వాజ్'తో 'సా' (ఎస్-ఏ-డబ్ల్యూ), 'ఆన్'తో 'నో', ఓ-ఎఫ్‌తో 'ఫర్', 'వేర్'తో 'వర్'. మొదటిది గట్టిపడి రెండు వారాలు గడిచాకే రెండోది మొదలుపెట్టండి. ఒకేలా వినిపించే 'టు' (టీ-ఓ), 'టూ' (టీ-ఓ-ఓ), 'టూ' (టీ-డబ్ల్యూ-ఓ) మూడింటినీ ఒకే పేజీలో పెట్టి తేడా నేర్పించే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆరేళ్ల పిల్లకి దానివల్ల తేడా తెలియదు, మూడూ కలిసిపోతాయి.

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతున్నాను, 32 మంది. ప్రతి ఇంగ్లీషు మాట మీదా తెలుగులో ఉచ్చారణ రాసుకుంటారు. రాసుకోకపోతే చదవలేమంటారు. వద్దని చెప్పనా, ఒప్పుకోనా? (ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మాన్పించాల్సిందే, మాస్టారూ. తెలుగు అక్షరం కనిపిస్తుంటే ఏ పిల్లవాడి కన్నూ ఇంగ్లీషు అక్షరం మీదకి పోదు. అది తెలుగు చదవడమే అవుతుంది. ఏడాదంతా పాఠాలు చదివినా, ఏ అక్షరం ఏ ధ్వని పలుకుతుందో తెలియకుండానే నాలుగో తరగతికి వెళ్తారు. అయితే ఒక్కసారిగా వద్దంటే చేతికర్ర లాక్కున్నట్టుంటుంది. ముందు ఆ తెలుగు వరసల మీద కాగితపు పట్టీ పెట్టి చదివించండి, తట్టకపోతే పట్టీ తీసి చూసుకోనివ్వండి. కొత్త పాఠం నుంచి రాసుకోవద్దని చెప్పండి. అర్థం తెలుగులో ఎంతైనా చెప్పవచ్చు, అది అవసరం కూడా. ద్విభాషా పాఠ్యపుస్తకంలో ముందు తెలుగు పేజీ చదివి వినిపించి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి రండి.

ఇంకొక చిక్కు మన లిపి వల్ల వస్తుంది. తెలుగులో 'స' అంటే హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం. అందుకే ఎస్ ధ్వని ఏమిటంటే పిల్లలు 'స' అంటారు. అలా పలుకుతూ కూడితే 'స-యా-ట' అవుతుంది, 'స్యాట్' (ఎస్-ఏ-టీ) రాదు. దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. పొల్లు హల్లు వాళ్లకి ఒకటో తరగతి నుంచీ తెలుసు. 'ఎస్ అంటే స కాదు, పొల్లు స్' అని చెప్పి బోర్డు మీద పొల్లు రాసి చూపండి. స్, మ్, న్, ఫ్, ల్ లాంటివి సాగదీసి పలికించవచ్చు. బ్, ట్, క్ సాగవు, అంటీ అంటనట్టు పొట్టిగా పలికించాలి. ఇది కుదరకముందే మొండి మాటల్లోకి దిగితే ఎర్ర గీత ఎక్కడ పెట్టాలో పిల్లలకే అర్థం కాదు.

32 మందితో గింజలు, గళ్లు కష్టం. వేళ్లూ పలకలూ చాలు. మీరు మాట చెబుతారు. అందరూ ధ్వనికో వేలు చొప్పున తెరుస్తారు. మొండి ముక్క ఏదో మీరు బోర్డు మీద ఎర్ర సుద్దతో చూపిస్తారు. బోర్డు తుడిచాక పిల్లలు పలక మీద రాసి, మీరు సైగ చేయగానే ఒక్కసారే పైకెత్తుతారు. ఎవరు ఎక్కడ తడబడ్డారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. సగం పలకల్లో ఒకే చోట తప్పుంటే మళ్లీ నేర్పాలి, ఐదారుగురిదే అయితే వాళ్లని తర్వాత దగ్గరికి పిలవాలి. రోజుకి పది నిమిషాలు కేటాయించండి. వారానికి రెండు కొత్త మాటలు, మిగతా సమయమంతా పాతవి. అందరి చేతా ఒకేసారి చదివించడం మొదట ఒకసారి పర్వాలేదు గానీ, దాన్నే నమ్ముకోవద్దు. ముందు బెంచీలో నలుగురు చదువుతారు, మిగిలినవాళ్లు అర క్షణం వెనకగా వాళ్లని అనుసరిస్తారు.

ప్రశ్న: 'టూలో డబ్ల్యూ ఎందుకుంది తాతయ్యా?' అని మనవరాలు నిలదీసింది. ఇలాంటివాటికి కారణాలు ఉంటాయా, లేక అంతేనని ఊరుకోమనాలా? (ఒక తాతయ్య, హైదరాబాద్)

జవాబు: చాలావాటికి ఉంటాయండీ, చెబితే పిల్లలు ఇష్టంగా వింటారు. 'టూ'లో డబ్ల్యూని ఒకప్పుడు పలికేవారు. ఇప్పటికీ దాని తోబుట్టువుల్లో వినిపిస్తుంది: 'ట్విన్', 'ట్వెల్వ్', 'ట్వెంటీ', 'ట్వైస్'. అన్నింటిలోనూ రెండు దాగి ఉంది. ఈ ఐదు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసి టీ-డబ్ల్యూ కింద గీత గీయించండి, మీ మనవరాలు ఇక మర్చిపోదు. 'వన్' కూడా అంతే. 'ఓన్లీ', 'అలోన్' మాటల్లో ఓ పాత పలుకే పలుకుతోంది, 'వన్' ఒక్కటే పలుకు మార్చుకుంది.

'నో', 'నైఫ్', 'నీ' మాటల ముందున్న కే కూడా ఒకప్పుడు పలికేదే. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాతలు మెల్లమెల్లగా స్థిరపడ్డాయి, పలుకు మాత్రం మారుతూనే వచ్చింది. ముఖ్యంగా దీర్ఘాచ్చులన్నీ ఆ కాలంలోనే స్థానం మారాయి. 'కమ్', 'సన్', 'లవ్'లో 'అ' ధ్వనికి ఓ ఎందుకుందంటే, పాత చేతిరాతలో యూ, ఎమ్, ఎన్, వీ అన్నీ ఒకేరకం నిలువు గీతలు. పక్కపక్కన పడితే ఏది ఏదో తెలిసేది కాదు. అందుకని లేఖకులు యూకి బదులు ఓ రాశారు. 'డెట్', 'డౌట్'లో బీ పండితుల పని. లాటిన్ మూలంలో ఉంది కదా అని తర్వాత తెచ్చి పెట్టారు, ఇంగ్లీషులో అదెప్పుడూ పలకలేదు. 'ఐలాండ్'లో ఎస్ అయితే పొరపాటున వచ్చింది. లాటిన్ నుంచి పుట్టిన 'ఐల్' అనే మాటతో చుట్టరికం ఉందనుకుని చేర్చారు, నిజానికి రెండూ వేరు.

ఆరేళ్ల పిల్లకి ఒక మాటకి ఒక ముక్క కథ చాలు. మాట చదవడం నేర్పాకే అది చెప్పండి.

ప్రశ్న: మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. బాబు ఇయర్ వన్. జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉందని బడిలో చెప్పారు. ఇంట్లో 'ట్రిక్కీ వర్డ్స్' (మీరనే మొండి మాటలు) బాగా చదివిస్తే సరిపోతుందా? మా ఉచ్చారణ బడిలో ఉచ్చారణలా ఉండదు, అదీ ఒక బెంగ. (ఒక తల్లి)

జవాబు: ఆ పరీక్షలో 40 మాటలుంటాయి. ఇరవై నిజమైనవి, ఇరవై కల్పించిన ఉత్తుత్తి మాటలు. అన్నీ అక్షరాల ధ్వనుల్ని కూడి చదవదగినవే. కాబట్టి ట్రిక్కీ వర్డ్స్ ఎన్ని వచ్చినా అక్కడ అక్కరకు రావు. అవి కథలు చదవడానికి కావాలి. పరీక్ష కోసమైతే మూడు నాలుగు ధ్వనుల మాటలు కూడబలికించండి. ఉత్తుత్తి మాటని తెలిసిన మాటగా మార్చి చదివే అలవాటు బాబుకుంటే, అదే సరిచేయాల్సింది.

ఉచ్చారణ గురించి బెంగ వద్దు. ఇంగ్లండులోనే ఉత్తరాదివాళ్లు 'కమ్', 'సమ్' మాటల్ని ఒకలా పలుకుతారు, దక్షిణాదివాళ్లు ఇంకోలా. అందరూ చదవడం నేర్చుకుంటున్నారు. మాటని బడిలో ఎలా పలుకుతారో బాబునే చెప్పమని, ఆ పలుకుకే అక్షరాలు ముడివేయించండి. ఒక ధ్వనికి మీరొకటీ బడి మరొకటీ నేర్పకుండా ఉంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతున్నాడు. ఎవరికైనా చూపించాలా? (అనంతపురం)

జవాబు: ముందు 'హ్యాట్', 'పిన్', 'మడ్' లాంటి సాదా మాటలు పది చదివించి చూడండి. అవీ రాకపోతే చిక్కు మొండి మాటల్లో లేదు, అక్షరాల ధ్వనుల దగ్గరే ఉంది. అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. తెలుగు ఎలా చదువుతున్నాడో కూడా గమనించండి. తెలుగు బాగా చదువుతుంటే ఇంగ్లీషు నేర్పిన తీరులోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. రెండు భాషల్లోనూ గుణింతాలూ, కూడబలుక్కోవడమూ కష్టంగా ఉంటే, చూపు, వినికిడి పరీక్షలు చేయించి, ఆ తర్వాత పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించండి. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. ఆలస్యం చేయకండి. ఈలోగా బద్ధకమని తిట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. 'ఫ్రెండ్', 'పీపుల్', 'బికాజ్' చక్కగా చదువుతుంది, డిక్టేషన్‌లో మాత్రం తప్పు రాస్తుంది. (ఒక తల్లి, వరంగల్)

జవాబు: చదవడానికి మాటలో సగం అక్షరాలు గుర్తున్నా గడిచిపోతుంది, రాయడానికి అన్నీ కావాలి. కాబట్టి రాత వెనకబడటం మామూలే. రాసేటప్పటికి మాత్రమే పనికొచ్చే ఒక దొంగ ఉచ్చారణ పెట్టుకోమనండి. 'ఫ్రెండ్'ని రాస్తూ లోలోపల 'ఫ్రై-ఎండ్' అనుకోవాలి, 'పీపుల్'ని 'పీ-ఓ-పుల్', 'వెన్స్‌డే'ని 'వెడ్-నెస్-డే' అనుకోవాలి. పైకి ఎలా పలకాలో పాపకి ముందే వచ్చు కనుక పలుకు చెడదు.

'బికాజ్'కి ఒక్కో అక్షరానికి ఒక్కో మాట పెట్టి వాక్యం అల్లి కంఠస్థం చేయించే పద్ధతి బళ్లలో ఉంది. ఒకటి రెండు మాటలకైతే సరే. ప్రతి మాటకీ అలా చేస్తే ఏ వాక్యం ఏ మాటదో గుర్తుపెట్టుకోవడం ఇంకో పని అవుతుంది. దానికన్నా 'బి' ముక్క వేరుగా, 'కాజ్' (సీ-ఏ-యూ-ఎస్-ఈ) ముక్క వేరుగా రాయించి, ఏ-యూ కింద ఎర్ర గీత పెట్టించండి. డిక్టేషన్‌లో తప్పు పోయినప్పుడు మాటంతా కొట్టేయకుండా తప్పిన అక్షరం మీద మాత్రమే చుక్క పెట్టి, ఆ ముక్కనే సరిచేయించి, మాటని ఒక్కసారి మళ్లీ రాయమనండి.